నలభై రెండు మెట్ల కింద నీళ్లు

అండమాన్ వెళ్లొచ్చినవాళ్లు సముద్రం గురించి చెబుతారు. పగడపు దిబ్బలు, సెల్యులార్ జైలు, సాయంత్రం వేళ రంగులు మారే ఆకాశం... నేనూ అవే చెప్పాలనుకున్నాను. కానీ ఆరు రోజులు ఉండి వచ్చాక చెప్పడానికి నా దగ్గర మిగిలింది అర హార్స్‌పవర్ నీళ్ల మోటారు కథ. దానికి బాధ్యుణ్ని కూడా నేనే. మార్చి నెలలో ఒక మంగళవారం ఉదయం, పోర్ట్‌బ్లెయిర్‌లోని మా అక్క ఇంటి మోటారును నా చేతులతో నేనే తగలబెట్టాను.

2024 సెప్టెంబర్‌లో ఈ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. నేను మాట్లాడిన వాళ్లంతా ఇంకా పోర్ట్‌బ్లెయిర్ అనే అంటున్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఊరంటే చదునైన నేల అనుకునేవారికి ఇక్కడ మోకాళ్లు నొప్పెడతాయి. ఒక వీధి కొండెక్కుతుంటే పక్క వీధి దిగుతుంటుంది. అక్క వాళ్ల ఇల్లు శివారులో అలాంటి ఒక వాలు మీద ఉంది. రోడ్డు పక్కన వెయ్యి లీటర్ల సంపు. దాని పక్కనే చిన్న రేకు పంచ కింద మోటారు. అక్కడి నుంచి నలభై రెండు మెట్లెక్కితే ఇల్లు. మేడ మీద 500 లీటర్ల నల్ల ట్యాంకు. బావ దీవుల మధ్య తిరిగే ఓడలో పనిచేస్తాడు. ఆ వారం ఆయన క్యాంప్‌బెల్ బే వైపు వెళ్లాడు. ఇంట్లో అక్క, ఇద్దరు పిల్లలు, డెబ్భై దాటిన ఆమె అత్తగారు, చుట్టపుచూపుగా వచ్చిన నేను.

కుళాయి నీళ్లు మూడు రోజులకోసారి వస్తాయి. వచ్చినప్పుడు సంపు నిండుతుంది. అక్క రోజూ పొద్దున్నే సరిగ్గా పదిహేను నిమిషాలు మోటారు వేస్తుంది. నిమిషానికి ఇరవై లీటర్ల చొప్పున 300 లీటర్లు మేడ మీదికి చేరతాయి. మూడు రోజులకు తొమ్మిది వందలు. అడుగున వంద మిగలాలి. వంటింటి గోడ మీద క్యాలెండర్‌లో నీళ్లొచ్చిన తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలున్నాయి. పాలవాడి లెక్కలా ఆమెకు నీళ్ల లెక్క కంఠతా వచ్చు.

సోమవారం నీళ్లు వచ్చాయి. మంగళవారం పొద్దున పిల్లల్ని బడికి పంపే హడావిడిలో అక్క, ‘‘ఒరే, కిందికెళ్లి మోటారు వెయ్యి. పావుగంటకి కట్టెయ్’’ అంది. వేశాను. పైకి రాగానే ఢిల్లీ నుంచి ఆఫీసు ఫోను. మాట్లాడుతూ ఇంటి వెనక వైపుకు వెళ్లి, చెట్ల సందుల్లో మెరుస్తున్న నీలాన్ని చూస్తూ గంటకు పైగా ఉండిపోయాను. ఈలోగా ట్యాంకు నిండింది. పైన పొర్లిన నీళ్లు మెట్ల పక్క కాలువలోంచి లోయలోకి పోయాయి. సంపు ఖాళీ అయింది. మోటారు మాత్రం ఆగలేదు. నీళ్లు లేకుండానే తిరిగింది. నేను దిగి వెళ్లేసరికి తిరగడం మానేసి మూలుగుతోంది. కాలిన వాసన. చెయ్యి పెట్టబోతే సెగ.

ఇలాంటి మోటారుకు నీళ్లు సరుకు మాత్రమే కాదు, ప్రాణం కూడా. తిరిగే ఇరుసు చుట్టూ మెకానికల్ సీల్ అనే చిన్న అమరిక ఉంటుంది. రెండు నున్నటి బిళ్లలు ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతూ పంపు గదిలోని నీళ్లు మోటారులోకి పోకుండా అడ్డుకుంటాయి. వాటి మధ్య ఉండే పల్చటి నీటి పొరే వాటికి చల్లదనం, నునుపు. ఆ పొర లేకపోతే కొద్ది నిమిషాల్లోనే బిళ్లలు వేడెక్కి పగులుతాయి, లేదా పట్టేస్తాయి. ఇరుసు పట్టేస్తే మోటారు తిరగలేక కరెంటును మాత్రం గుంజుకుంటుంది. చివరికి లోపలి రాగితీగ చుట్ట మాడిపోతుంది. ఇవన్నీ నాకు ఆ మధ్యాహ్నం తెలిశాయి. పొలిటికల్ సైన్సులో పీజీ చేసినవాడికి ఇంకెప్పుడు తెలుస్తాయి?

అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. ట్యాంకు మూత తీసి చూసి, ‘‘ఐదు వందలుంది. గురువారం దాకా ఇదే’’ అని కిందికి దిగి స్నానాల గది కుళాయికి గుడ్డ చుట్టేసింది. ఆ గుడ్డ నిషేధాజ్ఞ లాంటిదని పిల్లలకు తెలుసు. ఆ సాయంత్రం వాళ్లిద్దరూ చెరో చెంబుతో కాళ్లూ చేతులూ కడుక్కుని మాట్లాడకుండా పుస్తకాల ముందు కూర్చున్నారు. వాళ్ల మామయ్య వైపు మాత్రం ఒకటి రెండుసార్లు చూశారు.

నీళ్ల కరువుకు పేరుపడిన ఊరేమీ కాదిది. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. హైదరాబాద్‌లో కురిసేదానికి ఇది మూడున్నర రెట్లకు పైనే. మే నుంచి నైరుతి, ఆ తర్వాత డిసెంబర్ దాకా ఈశాన్యం. రెండు రుతుపవనాలూ తడిపిపోతాయి. చిక్కంతా జనవరి నుంచి ఏప్రిల్ దాకా. నిటారు వాలులు, నీళ్లను ఎక్కువగా దాచుకోని నేల. కురిసింది కురిసినట్టే సముద్రంలోకి జారిపోతుంది. గోదావరి లాంటి నది లేదు. ఊరికి ప్రధాన ఆధారం 1973లో కట్టిన ధనిఖారి ఆనకట్ట. పక్కనే ఉన్న రట్లాండ్ దీవి వాగుల నీటిని సముద్రం అడుగున గొట్టాలు వేసి తెచ్చే పథకం గురించి చాలా ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. ఈలోగా ఊరు పెరిగింది, హోటళ్లు పెరిగాయి. ఏటా 50 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయే విమానాశ్రయ టెర్మినల్ 2023 జులైలో ప్రారంభమైంది. చుట్టూ నీళ్లున్న ఊళ్లో జనం బకెట్లు లెక్కపెట్టుకోవడానికి కారణం ఇదే.

ఈ లెక్క ఇప్పటిది కూడా కాదు. 1857 తిరుగుబాటు అణిచివేశాక, 1858 మార్చి 10న జె.పి. వాకర్ అనే బ్రిటిష్ అధికారి 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. మొదట మకాం వేసింది చాథమ్ దీవిలో. అక్కడ తాగునీరు చాలక రాస్ దీవికి మారాడు. అండమాన్‌లో ఆ వలస పాలన తొలి రోజుల్లోనే రాజధానిని జరిపింది ఏ శత్రువో కాదు, నీళ్లు. 2018లో నేతాజీ పేరు పెట్టిన ఆ రాస్ దీవికి పడవలో పోయి రావాలని నేను మంగళవారం మధ్యాహ్నానికే అనుకున్నాను. దాని బదులు మెకానిక్ కోసం తిరిగాను.

మెకానిక్ దొరకడం కష్టం కాలేదు. తెలుగువాడు దొరకడం అసలు కష్టం కాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ఉన్న 3.8 లక్షల మందిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. చేపలవేటకు, కూలిపనికి, తర్వాత చిన్న ఉద్యోగాలకు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాలుగా వస్తున్నారు. మా బావ తాతగారు అలా వచ్చినవారే. మెకానిక్ తండ్రిది సోంపేట వైపు. ఇతను పుట్టింది ఇక్కడే. హిందీలో ఆలోచించి శ్రీకాకుళం యాసలో మాట్లాడతాడు.

మోటారు విప్పి, ఇరుసును చేత్తో తిప్పబోయాడు. కదల్లేదు. ‘‘ఏటి బాబూ, నీళ్లు లేకండా తిప్పీసినారా?’’ అన్నాడు. ఒప్పుకున్నాను. సీల్ పోయింది, బేరింగుల్లోకి తుప్పు దిగింది, వైండింగ్ నల్లబడింది. మోటారు పాతదే. సముద్రపు గాలికి కింది పాదాల ఇనుము పొరలు పొరలుగా రాలుతోంది. దీవుల్లో ఏ వస్తువునైనా ముందు బాగుచేయడానికే చూస్తారు, చివరికి గానీ పారేయరు. రాగితీగ మళ్లీ చుట్టించడం, కొత్త సీల్, కొత్త బేరింగులు... అన్నీ వేళ్ల మీద లెక్కగట్టి తల అడ్డంగా ఊపాడు. ‘‘దీనికి పెట్టే డబ్బుకి ఇంకొంచెం ఏస్తే కొత్తది వచ్చీసిద్ది.’’

బుధవారం అబర్డీన్ బజారులో నాలుగు దుకాణాలు తిరిగాం. అర హెచ్‌పీ మోటారు ఎక్కడా లేదు. ఒక హెచ్‌పీది ఉంది. తప్పు చేసినవాడి ఉత్సాహంతో, ‘‘అదే తీసుకుందాం, ఇంకా మంచిది కదా’’ అన్నాను, పర్సు తీస్తూ. అతను నన్ను పక్కకు పిలిచి మోటారు మీది రేకు చూపించాడు. కొనేవాళ్లు హార్స్‌పవర్ చూస్తారు, చూడాల్సింది ‘హెడ్’ అన్నాడు. అంటే నీటిని ఎంత ఎత్తుకు ఎక్కించాలన్న లెక్క. సంపు అడుగు నుంచి మోటారు దాకా రెండు మీటర్లు. మెట్టు పదిహేడు సెంటీమీటర్ల చొప్పున నలభై రెండు మెట్లకు ఏడు మీటర్ల పైన. అక్కడి నుంచి మేడ మీది ట్యాంకుకు ఐదు. గొట్టాల రాపిడికి, వంపులకు ఇంకో ఒకటి కలుపుకుంటే మొత్తం పదిహేను. ఆ ఎత్తుకు గంటకు 1,200 లీటర్లు ఎక్కించే అర హెచ్‌పీ మోటారు ఈ ఇంటికి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది.

‘‘పెద్దది పెడితే ఏటవుద్ది బాబూ? సంపులో నీళ్లు పెరగవు కదా. బేగి అయిపోతాయి, అంతే. సాయంత్రం ఓల్టేజి పడినప్పుడు అది లేవనే లేవదు.’’

ప్రణాళికలు, అభివృద్ధి మీద నేను విన్న ఉపన్యాసాల్లో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ. ఇక మిగిలింది చెన్నై ఓడ. శుక్రవారం వస్తుంది, అందులో తన సరుకుందని ఒక దుకాణదారు చెప్పాడు. కోయంబత్తూరులో తయారై చెన్నై రేవులో ఓడెక్కే ఈ మోటార్లు దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. నేను ఫోను తీసి ఆన్‌లైన్‌లో వెతికాను. చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక ఇక్కడ ఇంటర్నెట్ పరుగెడుతోంది. క్షణంలో నలభై రకాల మోటార్లు కనిపించాయి. అన్నింటి కిందా ఒకటే మాట: పన్నెండు రోజుల్లో అందుతుంది. కేబుల్‌లో మోటారు బొమ్మ వస్తుంది గానీ మోటారు రాదు.

గురువారం తెల్లవారుజామున కుళాయి వచ్చింది. సంపు నిండింది. వెయ్యి లీటర్లు కింద, మేము పైన. ట్యాంకులో అడుగంటింది. అక్క ఏమీ అనకుండా రెండు బకెట్లు తెచ్చి మెట్ల మీద పెట్టింది.

బకెట్‌కు పదిహేను లీటర్లు, అంటే పదిహేను కిలోలు. 300 లీటర్లకు ఇరవై బకెట్లు. చేతికొకటి చొప్పున పది సార్లు ఎక్కాలి, పది సార్లు దిగాలి. మొదటి మూడు సార్లు పౌరుషంతో ఎక్కాను. నాలుగోసారి ఇరవై ఆరో మెట్టు మీద కూర్చున్నాను. ఐదోసారి నుంచి అక్క ఒక బకెట్, నేనొక బకెట్. ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని, నీటి మీద చిన్న ప్లేటు వేసి చుక్క ఒలకకుండా ఎక్కేసింది. ఆ ప్లేటు కిటుకు ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, ‘‘కాపురానికొచ్చిన మొదటి ఆరేళ్లూ మోటారెక్కడిదిరా?’’ అంది. పెళ్లిలో సారె లెక్కలు గుర్తున్న నాకు ఈ సంగతి పద్నాలుగేళ్లుగా తెలియదు. ఫోనులో బాగున్నావా అంటే బాగున్నానంది కదా అనుకున్నాం, ఇంట్లో అందరం.

ఆ పూట పన్నెండు బకెట్లతో సరిపెట్టాం. రెండు మెట్లకోసారి ఆగి నేను చేసిన లెక్క ఇది: ఈ పనంతా మోటారు పదిహేను నిమిషాల్లో చేస్తుంది. అందుకు దానికయ్యే కరెంటు యూనిట్‌లో ఏడో వంతు. బోధపడాలంటే మెట్లెక్కాల్సిందే.

ఇల్లు ఇంత ఎత్తున ఎందుకు కట్టారని విసుగ్గా అన్నాను. అరుగు మీద కూర్చున్న అత్తగారు విన్నారు. ‘‘కింద ఉండేవాళ్లమే బాబూ, సిప్పీఘాట్ దగ్గర’’ అన్నారు. 2004 డిసెంబర్ 26 ఉదయం భూమి కంపించింది. తర్వాత సముద్రం లోపలికి వచ్చింది. చాలా చోట్ల వచ్చిన నీరు వెనక్కు పోయింది. సిప్పీఘాట్ పల్లపు పొలాల్లో పోలేదు. ఆ భూకంపానికి పోర్ట్‌బ్లెయిర్ చుట్టుపక్కల నేల సుమారు ఒక మీటరు కిందికి కుంగింది. వరి పండిన చోట ఆటుపోట్లు ఆడటం మొదలైంది. వాళ్ల పెరట్లో బావి ఉండేది. రెండు చేతుల తాడుతో నీళ్లందేవి. ఎండాకాలంలోనూ ఎండేది కాదట. సునామీ తర్వాత కూడా బావి నిండుగానే ఉంది, కాకపోతే ఉప్పగా. ‘‘నా కొడుకు అప్పుడే అన్నాడు, ఎన్ని మెట్లయినా సరే పైనే కడదామని. నీళ్లు కింద పెట్టుకుని మనం పైన ఉందామన్నాడు.’’

అప్పటి నుంచి మెట్ల మీద విసుక్కోలేదు. సంపు రోడ్డు పక్కన ఎందుకుందో కూడా అర్థమైంది. కుళాయి నీటి ఒత్తిడి కొండెక్కేంత ఉండదు. మోటారు కూడా సంపు పక్కనే ఎందుకుండాలో మెకానిక్ చెప్పాడు. పంపు కింది నీళ్లను నిజానికి లాగదు. గొట్టంలో గాలి తీసేస్తే బయటి గాలి ఒత్తిడే నీటిని పైకి నెడుతుంది. ఆ బలం లెక్క ప్రకారం పది మీటర్ల దాకా, ఆచరణలో ఏడెనిమిది మీటర్లకే పనిచేస్తుంది. మోటారును ఇంటి దగ్గర పెడితే తొమ్మిది మీటర్ల కిందున్న నీళ్లు అందవు. కింద నుంచి నెట్టడానికి మాత్రం అలాంటి హద్దు లేదు, మోటారుకు సత్తా ఉండాలంతే.

శుక్రవారం హాడో రేవులో ఓడ ఆగిందని దుకాణం నుంచి ఫోను. సరుకు దిగి చేతికొచ్చేసరికి శనివారం మధ్యాహ్నం. మొత్తం ఏడు వేల చిల్లర. డబ్బు నేనిచ్చాను. స్వరాజ్ ద్వీప్ వెళ్లడానికి కొన్న పడవ టిక్కెట్టు అప్పటికే చెల్లకుండా పోయింది. అట్టపెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని వస్తుంటే రేవు వైపు నుంచి ఓడ కూత వినిపించింది. మోటారు ఓడలో వచ్చింది. దాన్ని తిప్పే కరెంటూ ఒక రకంగా ఓడలోనే వస్తుంది. దేశంలోని గ్రిడ్‌తో సంబంధం లేని ఈ దీవుల్లో అత్యధిక విద్యుత్తు డీజిల్ జనరేటర్లదే. ఆ డీజిల్ సముద్రం మీదే రావాలి. ఉత్తర అండమాన్‌లో 2001 నుంచి కల్పాంగ్ జల విద్యుత్తు 5.25 మెగావాట్లు, ఇక్కడ 2020లో వచ్చిన 20 మెగావాట్ల సౌర విద్యుత్తు ఉన్నా భారం ఇంకా డీజిల్ మీదే. ఆకాశం నుంచి పడిన నీటిని మేడ మీదికి చేర్చడానికి రెండు ఓడలు కావాలి.

శనివారం నాలుగింటికి బిగింపు మొదలైంది. నా పని టార్చ్ పట్టుకోవడం. పాత మోటారు బోల్టులు తుప్పుకు కరుచుకుపోయాయి. రెండింటిని కోయాల్సి వచ్చింది. సంపులోకి దిగే గొట్టం చివర ఫుట్‌వాల్వ్ తీసి చూస్తే రెక్క కింద ఇసుక రేణువులు. కడిగి పెట్టాడు. దారాల మీద టెఫ్లాన్ టేపు చుట్టి, జాయింట్లు బిగించి, ‘‘ఈ వైపు గొట్టంలో సూదంత కన్నమున్నా గాలి లాగుద్ది, నీళ్లు రావు’’ అన్నాడు. కొత్త మోటారును నేల మీద నుంచి జానెడు ఎత్తులో సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టాడు. వానాకాలం రోడ్డు నీళ్లు తగలకుండా. చివర్లో పైన మూత విప్పి చెంబుతో నీళ్లు పోయమన్నాడు. పోశాను. మొదటి గుక్క మనమే పట్టించాలట.

ఇంకో చిన్న పెట్టె కూడా బిగించాడు. సంపులో నీళ్లు అడుగంటితే మోటారు దానంతటదే ఆగిపోవడానికి తేలే బుడ్డి లాంటి స్విచ్ అది. దాని డబ్బు అక్క ఇవ్వబోతే అతను నా వైపు చూశాడు. నేనే ఇచ్చాను.

స్విచ్ వేశాడు. ఓ అరనిమిషం గొట్టంలో గరగర. నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత శబ్దం మారింది. మేడ మీద నుంచి పెద్ద మేనల్లుడు అరిచాడు, ‘‘వస్తున్నాయీ’’ అని. అత్తగారు అరుగు మీద నుంచి లేచి స్నానాల గదిలోకి వెళ్లి కుళాయికి చుట్టిన గుడ్డ విప్పారు.

ఆ రాత్రి బావ ఫోను చేశాడు. ఆయన ఓడ వెళ్లిన క్యాంప్‌బెల్ బే ఇక్కడికి 500 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉంది. అది ఉన్న గ్రేట్ నికోబార్‌లోనే భారీ రేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం, విద్యుత్ కేంద్రం కట్టాలని కేంద్రం తలపెట్టింది. మొదట్లో చెప్పిన అంచనా రూ.72,000 కోట్లు. 2022 నవంబర్‌లో పర్యావరణ అనుమతి వచ్చింది. అడవి గురించి, షోంపెన్, నికోబారీ తెగల గురించి వాదనలు నడుస్తున్నాయి. నేనూ రాశాను. ఈసారి రాయాల్సి వస్తే మొదట అడగబోయేది వేరే. ఎత్తెంత, నీళ్లెన్ని, ఎన్నాళ్లకోసారి? ఇది మెకానిక్ నేర్పిన క్రమం. బావ మాత్రం అవేమీ మాట్లాడలేదు. ‘‘మోటారు మార్చావట కదా, ఎంతయింది?’’ అన్నాడు. ఎందుకు మార్చాల్సి వచ్చిందో అక్క చెప్పలేదని అర్థమైంది. నేనే చెప్పాను. నవ్వి, ‘‘మొదటిది నేను కాల్చాను, రెండోది నువ్వు’’ అన్నాడు.

ఆదివారం నా తిరుగు ప్రయాణం. ఐదున్నరకే అక్క లేపింది, ‘‘ఒరే, నీళ్లొచ్చాయి లే’’ అని. సంపు నిండేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాం. నిండాక నేనే స్విచ్ వేశాను. ఫోను పైనే వదిలి వచ్చాను. తేలే బుడ్డి ఉన్నా సరే, రేకు పంచ కింద తిరగేసిన బకెట్ మీద కూర్చుని, అక్క చేతి గడియారం పట్టుకుని, పదిహేను నిమిషాలూ అయ్యాక కట్టేశాను.